మల్లనకు పీట వేయరా?

ఈ ఏటి సాహిత్య పురస్కారాలకు పుస్తకాలు పంపమంటూ ఒక సంస్థ ఇచ్చిన ప్రకటనలో ఆఖరి నిబంధన ఇది: గణిత, శాస్త్ర గ్రంథాలు పరిశీలించబోము. జ్యోతిషం ఊసు మాత్రం ఎత్తలేదు. అనంతం మీద మా మిత్రుడు రాసిన వ్యాస సంపుటి విప్పనైనా విప్పకుండానే తిరిగొచ్చింది. కోపంతో రాస్తున్నామనుకునేరు. కొంచెం ఉంది.

తిరుపతిలో ఈ మాట వినాల్సి రావడం విడ్డూరం. అన్నమయ్య రాగిరేకులను లోకానికి చూపినవారిలో ఒకరైన వేటూరి ప్రభాకరశాస్త్రే పావులూరి మల్లన సారసంగ్రహ గణితాన్నీ పరిష్కరించారు. 1952లో అది అచ్చయింది ఈ ఊళ్ళోనే. మహావీరాచార్యుల సంస్కృత గణితాన్ని 11వ శతాబ్దంలో తెనిగించిన మల్లనకు మన సాహిత్య చరిత్రల్లో దక్కేది మహా అయితే ఒక పేరా.

మల్లనదిగా చెప్పుకునే చదరంగం పద్యం చూడండి. మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు. అలా రెట్టిస్తూ 64 గళ్ళూ నింపితే మొత్తం 18446744073709551615. ఈ ఇరవై అంకెల్నీ ఆయన చంపకమాలలో కూర్చాడు. ఒకట్లస్థానం నుంచి ఎడమకు చదువుకుంటూ పోవాలి. అంకెలకు బదులు మాటలు వాడే ఈ భూతసంఖ్య పద్ధతిలో బాణమంటే అయిదు, చంద్రుడంటే ఒకటి, ఆకాశమంటే సున్నా. ఒకటి మూడుసార్లు రావాలి గనుక చంద్రుడు మూడు పేర్లతో వస్తాడు. అయిదు పక్కన మళ్ళీ అయిదు వచ్చిన చోట, రెండో బాణాన్ని 'సాయకం' చేసి యతి నిలబెట్టుకున్నాడు. ప్రాస కోసం 'భూధర'ను పాదం చివర రెండు ముక్కలు చేశాడు, 'కుంజర'నూ అంతే. అంకె ఒక్కటి కూడా కదల్లేదు. ప్రబంధకవి ఇంత ఇరుకులో ఇలా నడిస్తే మనం శాలువాలు కప్పేవాళ్ళం.

శాస్త్రం విషయం చెబుతుంది, సాహిత్యం రసం పంచుతుంది అంటారు కొందరు. అయితే భాస్కరాచార్యుణ్ణి ఏ అలమరలో పెడతారు? సున్నాతో భాగిస్తే వచ్చే రాశికి ఆయన ఖహరమని పేరు పెట్టాడు. ప్రళయంలో ప్రాణికోటి వచ్చి కలిసినా, సృష్టిలో వెలికి వచ్చినా అచ్యుతుడిలో మార్పు లేనట్టే, దీనికి ఎంత కలిపినా ఎంత తీసినా మార్పు లేదన్నాడు. రోజూ గోవిందనామాలు వినే ఊరికి ఈ ఉపమకు వ్యాఖ్యానం కావాలా? ఇప్పటి గణితం సున్నాతో భాగించనివ్వదు, అది వేరే సంగతి. 1874లో గణితజ్ఞుడు కాంటర్ ఇంకో మెలిక పెట్టాడు. 1, 2, 3 అంటూ సాగే అనంతం కంటే ఒక చిన్న గీత మీది బిందువుల అనంతం పెద్దదని నిరూపించాడు. అప్పుడు భాస్కరుడు అచ్యుతుడితో పోల్చింది ఏ అనంతాన్ని? మిత్రుడి పుస్తకంలో మూడో వ్యాసం దీని మీదే. న్యాయనిర్ణేతలు అక్కడిదాకా వచ్చి కాదంటే మేం నోరెత్తేవాళ్ళం కాము.

అసలు సంగతి వేరు. లెక్కల్ని కోచింగ్ సెంటర్లకు, ర్యాంకుల హోర్డింగులకు రాసిచ్చేసి మనవాళ్ళు చేతులు దులుపుకున్నారు. ఏర్పేడు దగ్గర ఐఐటీ, ఐసర్ ఉన్నాయి. రెండూ 2015లో మొదలైనవే. అక్కడి గణితాచార్యుల్ని ఒక్క సాహిత్య సభకైనా పిలిచామా? అవధానంలో నిషిద్ధాక్షరికి చప్పట్లు కొట్టే చేతులకు భూతసంఖ్య అంటరానిదెలా అయింది?

వచ్చే సంచిక నుంచి నాలుగు పేజీలు గణితానికి కేటాయిస్తున్నాం. వచనం పంపవచ్చు, పద్యమూ పంపవచ్చు. పద్యమైతే గణాలతోపాటు లెక్క కూడా సరిచూశాకే వేస్తాం.