నీళ్ల పాఠం నేర్చాం... నిప్పు పాఠం ఎప్పుడు?

తుఫాను అనే మాట రేడియోలో వినబడితే చాలు, దివిసీమలో బడికెళ్లే పిల్ల కూడా ఏం చేయాలో గడగడా చెప్పేస్తుంది. రేషన్ కార్డు, మందులు మూటగట్టుకోవాలి. పశువుల పలుపులు విప్పేయాలి. పొద్దుండగానే తుఫాను షెల్టరుకు చేరుకోవాలి. ఈ తెలివి మనకు ఊరికే రాలేదు. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చి సొర్లగొంది, పాలకాయతిప్ప లాంటి ఊళ్లను ఊడ్చేసి, వేల ప్రాణాలు తీసుకుపోయాక వచ్చింది. ఆ తర్వాత ప్రభుత్వం చెప్పింది, స్వచ్ఛంద సంస్థలు చెప్పాయి, పెద్దవాళ్లు పిల్లలకు చెప్పారు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు లోతట్టు ఊళ్లవాళ్లు ముందే పునరావాస కేంద్రాలకు కదిలారంటే ఆ చదువు చలవే.

మరి నిప్పు సంగతేమిటి? ఉప్పెన ఏ తరానికో ఒకసారి వస్తుంది. నిప్పు మనింట్లోనే ఉంటుంది. రోజుకు మూడుసార్లు మనమే వెలిగిస్తాం. దాని గురించి మనకు ఎవరు ఏం నేర్పారు?

నేర్పడం లేదని కాదు. ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 వరకు అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికిన్ అనే ఓడ పేలిపోయి, మంటలార్పడానికి వెళ్లిన 66 మంది ఫైర్ సిబ్బంది బలయ్యారు. వాళ్ల జ్ఞాపకార్థం జరిపే వారమిది. మచిలీపట్నంలోనైనా, గుడివాడలోనైనా, అవనిగడ్డలోనైనా ఆ వారంలో సిబ్బంది ఎండనక కష్టపడతారు. కరపత్రాలు పంచుతారు, మంట వేసి ఆర్పి చూపిస్తారు. అయితే ఎక్కడ? బస్టాండు దగ్గర, నాలుగు రోడ్ల కూడలిలో, కాలేజీ గ్రౌండులో, ఆసుపత్రి ఆవరణలో. చుట్టూ నిలబడి చూసేది ఎక్కువగా మగవాళ్లు, విద్యార్థులు. గ్యాస్ బండతో రోజూ కాపురం చేసే మనిషి ఆ వేళకు వంటింట్లోనో, పొలంలోనో ఉంటుంది. పాఠం ఒకరికి, పరీక్ష ఇంకొకరికి!

ఆ పరీక్షలో తప్పుతున్నదెవరో కూడా తెలుసుకుందాం. 2001 సంవత్సరంలో మన దేశంలో కాలిన గాయాలతో చనిపోయినవారు 1,63,000 మందికి పైనేనని 2009లో 'లాన్సెట్' వైద్య పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం అంచనా వేసింది. అందులో 1,06,000 మంది ఆడవాళ్లే. వాళ్లలోనూ ఎక్కువమంది 15 నుంచి 34 ఏళ్ల లోపువాళ్లు. అంటే చంకలో పిల్లలున్న తల్లులు, కొత్త కోడళ్లు, పెళ్లి కావలసిన అమ్మాయిలు. అప్పటికీ ఇప్పటికీ కిరసనాయిలు స్టవ్‌లు పోయి గ్యాస్ పొయ్యిలు వచ్చాయి. అయినా వంటింటి ముందు నిలబడేది మాత్రం మారలేదు.

మన డెల్టా తీరు మరొకటుంది. మార్చి దాటితే పడమటి గాలి మొదలవుతుంది. తాటాకు పాక ఎండి పెళపెళలాడుతుంది. పక్కనే గడ్డివామి, దాని పక్కన పశువుల కొట్టం, ఆ మూలన పాలు కాగే దాలి. ఒక్క రవ్వ లేస్తే ఒక ఇల్లు కాదు, వరసంతా పోతుంది. అవనిగడ్డ నుంచి కోడూరుకో, నాగాయలంకకో ఫైరింజను రావాలంటే ఎంత తొందరపడినా కొంత సమయం పడుతుంది. నదీపాయ దాటితే గాని చేరలేని ఎదురుమొండి మాట చెప్పనే అక్కర్లేదు. అందుకే మొదటి పది నిమిషాలూ ఫైరింజనువి కావు, ఇంటి ఇల్లాలివి. ఆ పది నిమిషాల్లో ఏం చేయాలో ఆమెకు తెలిసి తీరాలి.

పట్నాల్లో ప్రమాదం వేరే రూపంలో ఉంటుంది. బందరులో చిలకలపూడి వైపు రోల్డ్‌గోల్డ్ నగల పని ఇళ్లలోనే చేసుకునే కుటుంబాలు ఎన్నో. అతుకు వేయడానికి మంట కావాలి. ఆ మంట ఉన్న గదిలోనే పక్క, బట్టలు, పసిపిల్ల ఉయ్యాల! గుడివాడలో అపార్టుమెంటు మెట్ల కింద పాత పరుపులు, అట్టపెట్టెలు, స్కూటర్లు. నిప్పంటుకుంటే కిందికి దిగే దారి అదొక్కటేనని ఎంతమందికి గుర్తుంటుంది?

ఇక గ్యాస్. 2014 జూన్ 27 తెల్లవారుజామున కోనసీమలోని నగరం గ్రామంలో గెయిల్ పైపులైను నుంచి లీకైన గ్యాస్ అంటుకుని ఊరు ఊరే తగలబడింది. ఇరవైమంది దాకా చనిపోయారు. అది పెద్ద గొట్టం సంగతి. మనింటి బండలోది వంటగ్యాస్. గాలికన్నా బరువైనది కనుక పైకి పోకుండా నేల మీదే పరుచుకుంటుంది. వాసన రాగానే మనం చేసే మొదటి పనేమిటి? లైటు వేసి చూడటం! ఆ స్విచ్‌లో పుట్టే రవ్వ చాలు. లైటు వేయకూడదు, వేసి ఉంటే ఆర్పకూడదు, ఫ్యాను జోలికి పోకూడదు. రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు, కిటికీలు బార్లా తీసి, పిల్లల్ని తీసుకుని బయటికి రావాలి. బయటికొచ్చాకే 1906కి ఫోను చేయాలి. మంట లేస్తే 101 లేదా 112.

బండకు కూడా గడువుంటుందని ఎందరికి తెలుసు? పైన పట్టీల మీద ఇంగ్లీషులో ఎ, బి, సి, డి అక్షరాల్లో ఒకటి, పక్కన సంవత్సరం రాసి ఉంటాయి. 'ఎ' అంటే జనవరి నుంచి మార్చి, 'డి' అంటే అక్టోబరు నుంచి డిసెంబరు. ఆ గడువు దాటిన బండ ఇస్తే తీసుకోనని చెప్పే హక్కు మీకుంది. రబ్బరు ట్యూబును అయిదేళ్లకోసారి మార్చాలి. చీర కొనడానికి నాలుగు దుకాణాలు తిరిగే మనం ట్యూబు మీద సంవత్సరం ఒక్కసారి చూడలేమా?

అసలైన చిక్కు మరొకటుంది. మూకుట్లో నూనె అంటుకుంటే నీళ్లు పోస్తాం, మంట ఎగిసి పైకప్పుకంటుతుంది. పొయ్యి కట్టేసి మూత పెడితే చాలు. కొంగుకు నిప్పంటుకుంటే భయంతో పరుగెత్తుతాం, గాలికి మంట పెరుగుతుంది. పరుగెత్తకుండా నేల మీద పడి దొర్లాలి, నూలు దుప్పటి చుట్టాలి. అన్నిటికన్నా ముందు ఆ చీర లాగి అవతల పారేయాలి. ఇక్కడే మన పెంపకం అడ్డొస్తుంది. మామగారు ఉన్నారని, మరిది చూస్తాడని ఒక్క క్షణం వెనకాడితే ఆ క్షణమే ప్రాణం మీదికి తెస్తుంది. మానం కన్నా ప్రాణం మిన్న అని ఆడపిల్లకు చెప్పాల్సింది ఫైర్ ఆఫీసరు కాదు, తల్లి. కాలిన చోట పసుపు, పేస్టు, సిరా పూయొద్దు. ఇరవై నిమిషాలు చల్లటి నీళ్ల ధార కింద ఉంచి, ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఇవన్నీ కరపత్రం చదివితే వచ్చేవి కావు. చేత్తో చేసి చూస్తేనే వస్తాయి. అందుకే నేను కోరేది ఒక్కటే. వారోత్సవాల డెమో బస్టాండు నుంచి పొదుపు సంఘాల సమావేశానికి రావాలి. మధ్యాహ్నం మూడు గంటలప్పుడు, అంగన్‌వాడీ ముందు, ఆడవాళ్ల చేతికే తడి గోనెసంచి ఇచ్చి మంట ఆర్పించాలి. నేర్పేవాళ్లలో ఆడవాళ్లుంటే మరీ మంచిది. నాగపూర్ జాతీయ అగ్నిమాపక కళాశాలలో చదివి బయటికొచ్చిన తొలి మహిళ హర్షిణీ కన్హేకర్ ఈ శతాబ్ది మొదట్లోనే ఆ దారి తెరిచారు కదా!

ఉన్న కొద్దిమంది ఎన్ని ఊళ్లు తిరుగుతారని శాఖవారు అనొచ్చు. నిజమే. అందరి దగ్గరకూ తిరగక్కర్లేదు. మండలానికోసారి సంఘాల లీడర్లకు నేర్పితే వాళ్లే ఊరూరా నేర్పుకుంటారు. అప్పు లెక్కలు, బ్యాంకు పనులు అలాగే నేర్చుకున్నవాళ్లు ఇదొక్కటీ నేర్వలేరా?

ఒక మాట మాత్రం కప్పిపుచ్చకూడదు. 'వంట చేస్తుంటే చీరంటుకుంది' అన్న ప్రతి కబురూ ప్రమాదం కాదు. పెళ్లయిన ఏడేళ్లలోపు కోడలు కాలి చనిపోయి, అంతకు ముందు కట్నం కోసం వేధించారని తేలితే అది వరకట్న మరణమేనని చట్టం అంటోంది. జాగ్రత్తలు నేర్చుకుందాం. కాని ఆ జాగ్రత్తల పేరుతో పక్కింటి అమ్మాయి మరణానికి 'అజాగ్రత్త' అని ముద్ర వేసి ఊరుకోవద్దు. నలుగురు ఆడవాళ్లు నిప్పు గురించి నేర్చుకున్న వీధిలో అలాంటి అబద్ధం అంత తేలిగ్గా చెల్లదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మనకు అలవాటైపోయింది. వచ్చే ఏప్రిల్ దాకా ఆగకుండా, ఈ నెల సంఘం మీటింగులోనే ఒక అర్జీ రాసి మీ ఫైర్ స్టేషనుకు పంపండి. 'మా దగ్గరికి వచ్చి నేర్పండి' అని అడగండి. అడిగితేనే గదా, వచ్చేది!