మందు మత్తుకు సోమరి ముద్ర

తెనాలి, బాపట్ల, రేపల్లె మాగాణి సీమలో పొద్దెక్కి లేచినవాణ్ణి సోమరిగా జమకట్టడం పాత అలవాటు. మానసిక వ్యాధికి ఓలాంజపిన్, క్విటియాపిన్ వంటి మాత్రలు వాడేవారికి ఆ ఉదయపు వేళే గండం. ఈ మందులు మెదడులో హిస్టమిన్ గ్రాహకాలను అడ్డగిస్తాయి. కొన్ని జలుబు మాత్రలతో వచ్చే మగతా ఈ దారినే వస్తుంది. దాన్ని మన్నించే ఇల్లే దీన్ని బద్ధకమంటుంది! ఆ నింద పడలేక మాత్రలు మానేసి, జబ్బు తిరగబెట్టించుకున్నవారున్నారు. నా దృష్టిలో ఆ తప్పు వారిది కాదు. "నిద్ర పడుతోందా?" అనడిగే వైద్యులు "పొద్దున లేవగలుగుతున్నారా?" అనీ అడగాలి. మోతాదు, వేళ, అవసరమైతే మందే మార్చడం వారి చేతిలోని పని. లిథియం వాడేవారి నీరసానికి థైరాయిడ్ మందగించడమూ కారణం కావచ్చు, రక్తపరీక్షలో తేలుతుంది. మగత తగ్గేదాకా ఇంటివారు మాత్రం రేపల్లె నుంచి తెనాలికి మోటారుసైకిలు మీద పంపక, రైలెక్కించాలి.