తప్పు చేయనివ్వని సిమ్యులేషన్ మనకెందుకు?

ఆస్టబుల్ మల్టీవైబ్రేటర్ గురించి ఈసీఈ వాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. మిగతా బ్రాంచిల వాళ్ళ కోసం రెండు ముక్కల్లో చెప్తాను. రెండు ట్రాన్సిస్టర్లు, రెండు కెపాసిటర్లు, నాలుగు రెసిస్టర్లు. ఒక ట్రాన్సిస్టర్ ఆన్‌లో ఉంటే రెండోది ఆఫ్‌లో ఉంటుంది, కాసేపటికి అది తారుమారవుతుంది. రెండు ఎల్ఈడీలు పెడితే మార్చి మార్చి వెలుగుతాయి. అంతే. కానీ ఇదే సర్క్యూట్‌ని సిమ్యులేటర్‌లో గీసి రన్ కొడితే చాలాసార్లు ఒక వింత జరుగుతుంది. ఏమీ జరగదు! స్క్రీన్ మీద రెండు అడ్డగీతలు వచ్చి కూర్చుంటాయి.

ఎందుకంటే సాఫ్ట్‌వేర్‌లో ఆ రెండు ట్రాన్సిస్టర్లూ అచ్చుగుద్దినట్టు ఒకటే. ఏది ముందు ఆన్ అవ్వాలో తేలక రెండూ మధ్యలోనే ఆగిపోతాయి. బ్రెడ్‌బోర్డు మీద ఈ సమస్య రాదు. షాపులో కొన్న ఏ రెండు బీసీ547లూ ఒకేలా ఉండవు. వాటి కరెంట్ గెయిన్ 110 నుంచి 800 దాకా ఎంతైనా ఉండొచ్చని డేటాషీటే చెప్తుంది. ఆ కాస్త తేడాతోనే సర్క్యూట్ మొదలవుతుంది. సిమ్యులేటర్‌లో కూడా మొదలవ్వాలంటే ఒక కెపాసిటర్‌కి మొదట్లో కొంత ఓల్టేజ్ ఇవ్వాలి, లేదా ఒక రెసిస్టర్ విలువని కొంచెం మార్చాలి.

ఈ ఒక్క విషయం ఎవరికి వాళ్ళు కనుక్కుంటే సిమ్యులేషన్ గురించి తెలియాల్సిన సగం పాఠం తెలిసినట్టే. మరి మనం చేస్తున్నదేమిటి? సీనియర్ ఇచ్చిన ఫైల్ ఓపెన్ చేస్తాం. అందులో ఆ ఓల్టేజ్ ఎవరో ఎప్పుడో సెట్ చేసి పెట్టే ఉంటారు. రన్ కొడతాం, స్క్వేర్ వేవ్ వస్తుంది, ప్రింట్ తీసి రికార్డులో అంటిస్తాం. వైవాలో "ఈ ఇనీషియల్ కండిషన్ ఎందుకు పెట్టావ్?" అని అడిగితే పక్కవాడి మొహం చూస్తాం.

నా వాదన ఇది. సిమ్యులేషన్‌ని మనం సరైన జవాబు తెచ్చిపెట్టే మెషిన్‌లా వాడుతున్నాం. అసలు దాని అవసరం వచ్చిందే తప్పులు చేసుకోవడానికి.

చరిత్ర చూడండి. 1920ల చివర్లో అమెరికాలోని బింగ్‌హాంటన్ అనే ఊళ్ళో ఎడ్విన్ లింక్ అనే అతను నేల మీద ఉండే ఒక విమానం తయారుచేశాడు. వాళ్ళ కుటుంబానికి పియానోలు, ఆర్గన్‌లు చేసే ఫ్యాక్టరీ ఉండేది. ఆర్గన్‌కి గాలి పంపే తిత్తులతోనే ఆ బుల్లి విమానం పక్కలకి వాలేది, ముక్కు పైకి కిందకి ఆడించేది. మొదట్లో దాన్ని ఎగ్జిబిషన్‌లో ఎక్కే ఆటవస్తువులాగే చూశారు. 1934లో అమెరికా సైన్యానికి విమానాల్లో ఉత్తరాలు చేరవేసే పని అప్పజెప్పారు. రాత్రిళ్ళు, మంచులో, బయట ఏమీ కనపడకుండా కేవలం మీటర్లు చూసుకుంటూ నడపడం ఆ పైలట్లకి సరిగా రాదు. కొద్ది వారాల్లోనే చాలామంది చనిపోయారు. ఆ ఏడాదే సైన్యం ఆరు లింక్ ట్రైనర్లు కొనింది. నిజంగా కూలితే ప్రాణం పోతుంది కాబట్టి ముందు నేల మీద కూలి నేర్చుకోవాలి. ఫ్లైట్ సిమ్యులేటర్ వెనకున్న ఆలోచన అదే.

అపోలో 11 కథ ఇంకా బాగుంటుంది. 1969 జులైలో ప్రయోగానికి కొద్దిరోజుల ముందు మిషన్ కంట్రోల్‌లో ల్యాండింగ్ రిహార్సల్ జరుగుతోంది. శిక్షణ టీమ్ కావాలనే కంప్యూటర్‌లో ఒక ప్రోగ్రామ్ అలారం మోగించింది. గైడెన్స్ చూస్తున్న స్టీవ్ బేల్స్‌కి అదేంటో అర్థం కాలేదు, ల్యాండింగ్ ఆపేయమన్నాడు. తర్వాత రివ్యూలో తేలింది ఏమిటంటే, ఆపాల్సిన అవసరం లేదు. దాంతో ఫ్లైట్ డైరెక్టర్ జీన్ క్రాంజ్ ప్రతి అలారానికీ ఏం చేయాలో రాసిపెట్టమన్నాడు. జాక్ గార్మన్ అనే యువ ఇంజనీర్ ఆ లిస్ట్ చేతిరాతతో తయారుచేసుకున్నాడు. జులై 20న నిజంగా చంద్రుడి మీదకి దిగుతుంటే 1202 అలారం మోగింది. ఈసారి బేల్స్ ఆపమనలేదు. ఆ రిహార్సల్ అంతా సాఫీగా సాగి, అందరూ చప్పట్లు కొట్టి ఇంటికెళ్ళి ఉంటే అసలు రోజున ఏమయ్యేదో ఆలోచించండి.

మన శ్రీహరికోట నుంచి వెళ్ళిన చంద్రయాన్ సంగతీ అంతే. 2019 సెప్టెంబర్‌లో విక్రమ్ ల్యాండర్ కూలిపోయింది. తర్వాత ఇస్రో ఆలోచనే మార్చుకుంది. అన్నీ సరిగ్గా పనిచేస్తే ఎలా దిగుతుందనే లెక్క కాకుండా ఏది పాడైతే ఏం చేయాలి అనే లెక్కతో చంద్రయాన్-3ని డిజైన్ చేశామని అప్పటి ఛైర్మన్ సోమనాథ్ చెప్పారు. సెన్సార్ పోతే? ఇంజన్ అనుకున్నట్టు పనిచేయకపోతే? ఇలాంటి ప్రశ్నలతో సిమ్యులేషన్లు నడిపారు. అంతటితో ఆగలేదు. హెలికాప్టర్‌కీ క్రేన్‌కీ వేలాడదీసి పరీక్షించారు. ల్యాండర్ కాళ్ళని చంద్రుడి మట్టిలాంటి మట్టి మీద దింపి చూశారు. 2023 ఆగస్టు 23న అది దిగింది. అంటే కంప్యూటర్‌లో వచ్చిన జవాబుని ఇస్రో అంతటి సంస్థ కూడా ఊరికే నమ్మలేదు. మనం మాత్రం ఒక్క రన్‌తో నమ్మేస్తున్నాం!

ఇక్కడ కొందరు ఫ్రెండ్స్ ఒక మాట అంటారు. "బాబూ, ముందు మన ల్యాబుల సంగతి చూడు. ఐదుగురికి ఒక కిట్, ప్రోబ్‌లు పనిచేయవు, ఒకడు కనెక్షన్ ఇస్తే నలుగురు రీడింగ్ రాసుకుంటారు. దానికన్నా ల్యాప్‌టాప్‌లో ఒక్కడినే కూర్చుని చేసుకోవడం నయం కదా?" నిజమే, కాదనను. కేంద్ర విద్యాశాఖ వర్చువల్ ల్యాబ్స్ ప్రాజెక్టులో ఐఐటీలతో పాటు మన ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ కూడా ఉంది. ఊళ్ళో ఉండి చదువుకునేవాళ్ళకీ, ల్యాబ్ సరిగా లేని కాలేజీవాళ్ళకీ అది పెద్ద సాయం. కాలిపోతుందన్న భయం లేకుండా పదిసార్లు చేసి చూడొచ్చు. కానీ కిట్లు లేవు కాబట్టి సిమ్యులేషన్ చాలు అనే మాట మేనేజ్‌మెంట్లకి మహా ఇష్టం. ఆ మాట మన నోటితో మనం అనకూడదు. రెండొందల రూపాయల్లో అయిపోయే సర్క్యూట్‌ని స్క్రీన్ మీద మాత్రమే చూసి డిగ్రీ పట్టుకుంటే నష్టం మనదే. లూజ్ కనెక్షన్, వేడెక్కిన ట్రాన్సిస్టర్, తప్పుగా పెట్టిన ప్రోబ్, వీటిని మనం అడగకుండా ఏ సాఫ్ట్‌వేరూ చూపించదు.

ఇక ప్రాజెక్టులు, పేపర్ల విషయం. 1946లో స్టానిస్లా ఉలామ్ అనే గణిత శాస్త్రవేత్త జబ్బు నుంచి కోలుకుంటూ ఒంటరిగా పేకముక్కలు పేర్చుకునే ఆట ఆడుతుండేవాడు. గెలిచే అవకాశం ఎంతో లెక్కకట్టబోతే చిక్కుగా ఉంది. ఓ వంద ఆటలు ఆడి ఎన్ని గెలిచామో లెక్కపెడితే పోలేదా అనుకున్నాడు. మాంటె కార్లో పద్ధతికి బీజం అక్కడ పడింది. అందులో అసలు సంగతి ఆ "వంద". ఒక్క ఆట గెలిచి "ఈ ఆట సులువు" అంటే ఎవరూ ఒప్పుకోరు. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుల్లో మనం అంటున్నది మాత్రం అదే. ఇరవైసార్లు రన్ చేసి, అందంగా వచ్చిన గ్రాఫ్ ఒక్కటి పెట్టి, మిగతా పంతొమ్మిదీ డిలీట్ చేస్తాం. చేతిలో ఉన్న రెసిస్టర్ మీద బంగారు రంగు గీత 5 శాతం అటూఇటూ ఉంటానని మొహం మీదే చెప్తోంది. సిమ్యులేషన్‌లో మాత్రం అది కచ్చితంగా 1000 ఓమ్‌లు!

అందుకే మన ల్యాబుల్లో మూడు మార్పులు రావాలని అడుగుతున్నాను. వీటికి పెద్ద ఖర్చేమీ లేదు.

ఒకటి, రన్ కొట్టేముందే ఏం వస్తుందనుకుంటున్నామో రికార్డులో రాయాలి. తర్వాత సిమ్యులేషన్ గ్రాఫ్, హార్డ్‌వేర్ గ్రాఫ్ పక్కపక్కన పెట్టి తేడా ఎందుకొచ్చిందో అరపేజీ రాయాలి. మార్కులు ఆ అరపేజీకే ఎక్కువ ఉండాలి.

రెండు, ల్యాబ్ ఎగ్జామ్‌లో సరిగ్గా పనిచేసే ఫైల్ బదులు లోపం దాచిన ఫైల్ ఇవ్వాలి. అది కనిపెట్టడమే పరీక్ష.

మూడు, ప్రాజెక్టులో ఒక్క గ్రాఫ్ చాలదు. విలువలు మార్చి కనీసం వందసార్లు నడిపి, ఎంత బాగా వచ్చిందో ఎంత చెత్తగా వచ్చిందో రెండూ చూపించాలి.

"మార్కులు పోతాయి కదా" అనే భయం ఉంటుంది. అందుకే ఇది ఒక్కొక్కరం విడిగా చేసేది కాదు, క్లాసంతా కలిసి ఫ్యాకల్టీని అడగాల్సింది. రేపు మనలో కొందరు బ్రిడ్జిలకి లెక్కలు కడతారు, కొందరు ఎలక్ట్రిక్ బస్సుల బ్యాటరీలు డిజైన్ చేస్తారు, కొందరు ఐసీయూలో పెట్టే పరికరాలకి కోడ్ రాస్తారు. అక్కడ తప్పు జరిగితే దెబ్బ తగిలేది మనకి కాదు, మనమెవరో కూడా తెలియని మనుషులకి. తప్పులు చేయడానికి చవకైన చోటు ఈ నాలుగేళ్ళే. ఇక్కడే చేసేద్దాం.