వడదెబ్బ మరణాలు ఎవరి లెక్కలోకి?

మే నెల మిట్టమధ్యాహ్నం తెనాలి వీధుల్లో మిగిలేదెవరు? బిర్యానీ పొట్లాలు మోసుకుపోయే యువకులు, తోపుడుబండ్ల మీద పండ్లు అమ్మేవారు, పాత ఇనుము కొనేవారు, తాపీ పనివారు. బాపట్లలోనూ రేపల్లెలోనూ అంతే. వీరిలో మన బిడ్డలెందరో మనకు తెలుసు.

సముద్రం దగ్గరే కదా, ఇక్కడ ఎండ ఏపాటిదని కొందరంటారు. గాలిలో తేమ పెరిగిన చోట చెమట ఆరదు. ఆరని చెమట ఒంటిని చల్లబరచదు. తీరప్రాంతంలో 37 డిగ్రీలు దాటి, మామూలు కంటె 4.5 డిగ్రీలు ఎక్కువైతే వడగాడ్పేనని వాతావరణ శాఖే అంటున్నది.

ఎండ తీవ్రమైనప్పుడు జుహర్ నమాజును చల్లబడే వరకు ఆలస్యం చేయమన్నారు దైవప్రవక్త (స). అల్లాహ్ ముందు నిలబడడానికే ఆ వెసులుబాటు ఉండగా, ఒక పొట్లం అరగంట ఆలస్యమైతే కంపెనీకి వచ్చిన నష్టమేమిటి? 2020 సామాజిక భద్రతా స్మృతి గిగ్ కార్మికుణ్ణి యజమాని-ఉద్యోగి సంబంధానికి వెలుపల నిలిపింది. రోడ్డు మీద పడిపోతే బాధ్యత వహించే యజమాని లేడన్నమాట.

2015 వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ లెక్క ప్రకారమే వెయ్యి మందికి పైగా మరణించారు. ఆ లెక్కకెక్కాలంటే తహసీల్దారు, ఎస్సై, వైద్యాధికారి కలిసి అది వడదెబ్బేనని తేల్చాలి. మన కుటుంబాలు నష్టపోతున్నది ఇక్కడే. మధ్యాహ్నం పోయినవానికి ఇషాలోపే జనాజా. ఖననం త్వరపరచడం సున్నత్, అందులో తప్పు లేదు. శవపరీక్షకు మనసొప్పదు. ఆ ముగ్గురూ కదిలేసరికి ఖబరు మీద మట్టి ఆరిపోతుంది. కాగితం మీద గుండెపోటు మిగులుతుంది. ఆచారాన్ని పాటించినందుకు హక్కు పోవడం ఏ న్యాయం? కబురందిన నాడే వారు రావాలి. ఆస్పత్రిలో నమోదైన శరీర ఉష్ణోగ్రతను, చూసినవారి వాంగ్మూలాన్ని సాక్ష్యంగా స్వీకరించాలి. 2025లో తెలంగాణ వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి 4 లక్షల రూపాయల పరిహారం ఖరారు చేసింది. సరిహద్దుకు ఇవతలి ప్రాణానికి అంతకంటె తక్కువ కట్టడాన్ని మేము అంగీకరించము.

మసీదు కమిటీలకూ ఒక మాట. చలివేంద్రం పెట్టి ఫోటో దిగడంతో మన పని తీరదు. జుహర్ నుంచి అస్ర్ వరకు వరండా తెరిచి ఉంచండి. వచ్చినవారి మతం అడగకండి. ఎవరైనా మాట తడబడి, ఒళ్లు కాలిపోతూ కూలబడితే 108కి ఫోను చేస్తూనే నీళ్లు పోసి చల్లబరచండి. ఆస్పత్రిలో ఒంటి వేడి ఎన్ని డిగ్రీలో రాయించుకోండి. ప్రాణం పోతే, జనాజాకు ముందే తహసీల్దారుకు అర్జీ ఇచ్చి, అందినట్లు ముద్ర వేయించుకోండి.