మధుమేహముగల పిల్లల మనస్సు

1922 జనవరిలో టొరాంటో నగరమున పదునాలుగేండ్ల బాలునకు మొట్టమొదట ఇన్సులిన్ సూది వేసిరి. అంతకు ముందు బాల్యమున మధుమేహము సోకిన పిల్లలు కొలదికాలములోనే మరణించుచుండిరి. నేడు వారు చక్కగా జీవింపగలరు. కాని నిత్యము సూదులును లెక్కలును తప్పవు. యౌవనారంభమున ఈ భారము మనస్సును మిక్కిలి క్రుంగదీయును.

ఇప్పుడు భుజమునకు అంటించు చిన్న సెన్సారు కొన్ని నిమిషములకొకసారి చక్కెర అంకెను ఫోనునకు పంపును. దూరముననున్న తల్లియు దానిని చూడవచ్చును. రాత్రివేళ చక్కెర పడిపోయినచో ఫోను మ్రోగి మేల్కొలుపును.

అయినను మేమొక మాట విన్నవింతుము. అంకె పెరిగినంతనే "ఏమి తింటివి?" అని గద్దించినచో బిడ్డ దాపరికము నేర్చును; సెన్సారు తీసివేయును; సూదియు మానవచ్చును. ఇన్సులిన్ మానుట ప్రాణాపాయకరము. జ్వరము, నిద్రలేమి, పరీక్షల భయము సైతము చక్కెరను పెంచునని మరువరాదు. ముందు "ఎట్లున్నావమ్మా?" అని యడిగి, పిమ్మట అంకె మాట యెత్తుడు. అంకెలు ఎవరెవరు చూడవలెనో, బడివేళ ఎప్పుడు ఫోను చేయవలెనో బిడ్డతో కలిసి నిర్ణయించుకొనుడు.

బిడ్డ పలుకక, తినక, నిద్రింపక యున్నచో వైద్యునకు తెలుపుడు. 2022 అక్టోబరులో భారత ప్రభుత్వము నెలకొల్పిన టెలి మానస్‌కు 14416 సంఖ్యపై ఫోను చేసి తెలుగుననే మాటాడవచ్చును, రుసుము లేదు.

ఇట్టి బిడ్డలను పెంచుచున్న సోదరీమణులు తమ యనుభవములను మాకు వ్రాసిన నితర తల్లులకు మేలగును.