నూనె గిన్నె పట్టుకునే ముందు

ఎవరికైనా ఒంట్లో బాగోలేదంటే మా ఇంట్లో ముందు వేడెక్కేది నువ్వులనూనె గిన్నె. బాలింతకీ నూనే, పసిపిల్లలకీ నూనే, మోకాళ్ల నొప్పులకీ నూనే. మీ ఇళ్లల్లోనూ అంతే కదా! ఆ అలవాటే రెండేళ్ల కిందట మా అత్తయ్యగారి ప్రాణం మీదకి తెచ్చింది.

ఆవిడకి రొమ్ము కాన్సర్ ఆపరేషన్ అయింది. కుడి చంకలో లింఫు గ్రంథులు కూడా తీశారు. ఇంటికొచ్చాక ఎక్కువగా మంచం మీదే ఉండేవారు. ఒకరోజు ఎడమ కాలి పిక్క లాగేస్తోందన్నారు. చూస్తే కాస్త వాచి, వెచ్చగా ఉంది. పడుకుని పడుకుని పట్టేసిందనుకుని, నూనె రాసి గట్టిగానే పిసికాను. "హాయిగా ఉందమ్మా" అన్నారు పాపం.

మర్నాడు, మా పిల్లలిద్దరికీ నీళ్లు పోసిన ఆవిడని పిలిపించాను. జబ్బేమిటో చెప్పలేదు. ఆవిడ రెండు కాళ్లూ పక్కపక్కన పెట్టి చూసి, నూనె గిన్నె దూరంగా జరిపేసింది. "ఒక కాలే వాచిందమ్మా, పైగా మంచాన ఉన్న మనిషి. నేను ముట్టను, డాక్టరుకి చూపించండి" అంది. డబ్బులు ఎక్కువ అడగడానికేమో అనుకున్నాను, సిగ్గు లేకుండా!

సాయంత్రం స్కాన్‌లో తేలింది, లోపలి సిరలో రక్తం గడ్డ కట్టిందని. "ఎవరైనా నొక్కారా?" అని డాక్టరుగారు అడిగితే తలెత్తలేకపోయాను. ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి వెళితే మనిషే దక్కకపోవచ్చట. ఆపరేషన్, మంచాన ఉండటం, కాన్సర్, ఈ మూడూ గడ్డ కట్టే ప్రమాదాన్ని పెంచేవే. మా అదృష్టం బాగుండి మందులతో గండం గడిచింది.

ఆ తర్వాత ఇంకో తప్పు చేశాను. భయంతో ఆవిడని ముట్టుకోవడమే మానేశాను. మసాజ్ చేస్తే కాన్సర్ ఒళ్లంతా పాకుతుందని మా ఆడపడుచు బెదిరించింది కూడా. ఒక రాత్రి అత్తయ్యగారే అన్నారు, "అంటుజబ్బుదాన్లా అయిపోయానే" అని. నాకు గుండె కలుక్కుమంది. ఈసారి డాక్టరుగారినే అడిగాను. మసాజ్ వల్ల కాన్సర్ పాకుతుందనడానికి ఆధారం లేదన్నారు. ఆ కాలూ, ఆపరేషన్ అయినవైపు చెయ్యీ, రేడియేషన్ పడ్డచోటూ వదిలేసి, ఎడమ అరచెయ్యీ భుజమూ మెల్లగా, ఒత్తిడి లేకుండా రాయమన్నారు. ఆ రాత్రి అత్తయ్యగారు చెయ్యి నా చేతిలో ఉండగానే నిద్రపోయారు.

అందుకే నేననేదేమిటంటే, జబ్బు మనిషికి స్పర్శ దూరం చెయ్యకండి. కానీ చెయ్యి వేసేవాళ్లకి నిజం చెప్పండి. కాన్సర్ అంటే ఎవరేమనుకుంటారో అని దాస్తాం చూడండి, ఆ దాపరికమే అసలు ప్రమాదం. రక్తం పల్చబడే మందులు వాడుతున్నా, కీమోతో ప్లేట్‌లెట్లు తగ్గినా, కాస్త గట్టిగా నొక్కితేనే కమిలిపోతుంది. కాన్సర్ ఎముకలకి పాకితే విరగనూవచ్చు. షుగరుతో పాదాలు మొద్దుబారినవాళ్లకి నూనె కాలుతున్నా తెలియదు. చంకలో గ్రంథులు తీశాక చెయ్యి వాస్తే, దానికి శిక్షణ పొందిన ఫిజియోథెరపిస్టులుంటారు. వాళ్లు చర్మాన్ని పైపైన కదిలిస్తారంతే. మనం పిసక్కూడదు.

ఈ ప్రశ్నలేవీ అడక్కుండా "అరగంటా, గంటా?" అని మాత్రమే అడిగే పార్లర్లకి జబ్బు మనిషిని తీసుకెళ్లకండి. "డాక్టరుని అడిగారా?" అని అడిగే మనిషి దొరికితే మాత్రం వదులుకోకండి.

ఆ రోజు ఆవిడని ఉత్తచేతులతో పంపాను. తర్వాత డబ్బులు పట్టుకెళ్తే, "నేనేం చేశానమ్మా, చెయ్యే వెయ్యలేదుగా" అంది. చెయ్యి వెయ్యనందుకే ఇస్తున్నానని చెప్పి, బలవంతంగా చేతిలో పెట్టి వచ్చాను.