యాక్సిడెంట్ కేసు: తప్పు ఎవరిది, పరిహారం ఎంత.. రెండూ ఒకే తీర్పులో!

వరంగల్-హైదరాబాద్ హైవేపై కారు ఢీకొని బైక్‌పై వెళ్తున్న వ్యక్తి కాలు విరిగిందనుకుందాం. పరిహారం రావాలంటే రెండు విషయాలు తేలాలి. తప్పు ఎవరిది? నష్టం ఎంత? ఇంగ్లండ్, అమెరికా కోర్టులు అవసరమైతే వీటిని విడదీస్తాయి. ముందు బాధ్యత తేల్చి, పరిహారం లెక్క తర్వాత చూస్తాయి. మన దగ్గర మోటారు ప్రమాదాల క్లెయిమ్స్ ట్రిబ్యునల్ సాధారణంగా రెండింటినీ ఒకే తీర్పులో తేలుస్తుంది. జిల్లా కోర్టుల్లో ఎంవీఓపీ అని పిలిచే కేసు ఇదే.

రెండో అవకాశం లేదు

తుది అవార్డు తర్వాత మళ్లీ ఆపరేషన్ అవసరమైనా, అదనపు అవార్డుకు మోటారు వాహనాల చట్టంలో వీలు లేదని నాగప్ప కేసులో సుప్రీంకోర్టు 2002లో స్పష్టం చేసింది. అందుకే భవిష్యత్తు వైద్య ఖర్చును కూడా డాక్టర్ సాక్ష్యంతో ముందే అడగాలి.

లెక్క ఎలా?

వైకల్యం శాతం ఒక్కటే చూడకూడదని 2010 నాటి రాజ్‌కుమార్ తీర్పు చెబుతోంది. ఎడమ చేయి పోతే డ్రైవర్ ఉపాధే పోవచ్చు, గుమాస్తా ఉద్యోగం నిలవచ్చు. బాధితుడి తప్పూ ఉంటే ఆ మేరకు కోత పడుతుంది. నష్టం రూ.10 లక్షలై, అతని తప్పు 25 శాతమని తేలితే దక్కేది రూ.7.5 లక్షలే.

తొందరపడితే?

2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న సెక్షన్ 164 కింద తప్పు ఎవరిదో నిరూపించాల్సిన పనిలేదు. మరణానికి రూ.5 లక్షలు, తీవ్ర గాయానికి రూ.2.5 లక్షలు ఇస్తారు. కానీ బీమా కంపెనీతో సెటిల్ చేసుకుని ఆ సొమ్ము తీసుకుంటే, ట్రిబ్యునల్‌లో వేసిన పిటిషన్ అక్కడితో ముగుస్తుంది. లోక్ అదాలత్‌లో రాజీపడినా అప్పీల్ ఉండదు. సంపాదించే మనిషి కాలు శాశ్వతంగా దెబ్బతింటే ఈ తొందర ఇంటిల్లిపాదికీ భారమే.

ఏం చేయాలి?

• ఎఫ్ఐఆర్ కాపీ, ప్రమాద స్థలం ఫొటోలు, సాక్షుల వివరాలు మొదటి రోజుల్లోనే సేకరించండి.
• ఎంజీఎంలో చేరినా, ప్రైవేటు ఆస్పత్రికి వెళ్లినా ప్రతి బిల్లూ, డిశ్చార్జి సమ్మరీ దాచండి.
• ప్రమాదం ఎక్కడ జరిగినా, మీరు నివసించే ప్రాంతంలోని ట్రిబ్యునల్‌లో కేసు వేయొచ్చు.
• చట్టంలో రాసిన గడువు 6 నెలలు. గాయం మానేదాకా ఆగొద్దు. వైకల్యం సర్టిఫికెట్‌ను విచారణలో సమర్పించవచ్చు.

పిటిషన్ త్వరగా వేయండి. రాజీ సంతకం మాత్రం డాక్టర్ చివరి మాట విన్నాకే పెట్టండి.